పది పదిహేనుకి మల్లెల వాసన

నీటికోత 4వ రోజు

నీళ్ళు: 22 లీటర్లు. గోడకూర కోత: 10:15కి, 710 గ్రాములు. మొక్కలకు సత్తువ నీళ్ళు: 10:30కి, 30 మిల్లీలీటర్లు. వడ్డన: రజితకి మూడు గరిటెలు, ఆయనకి రెండు, నాకు ఒకటి.

లెవెల్ ఆఫీసు నుంచి కబురు వచ్చింది. నా అర్జీ ఒప్పుకున్నారు. నలభయ్యో రోజు నుంచి భూమి కింద నాలుగో లెవెల్‌లోని 212 ఇళ్ళూ గోడ తొట్టెల్లోని గోడకూరని నా వేళల ప్రకారమే కోయాలి. పది పదిహేనుకి కోత, పదిన్నరకి సత్తువ నీళ్ళు. అందరూ ఒకే వేళకి తడిపితే పంపు రోజంతా తిరగనక్కర్లేదు, అరగంట చాలు. ఎంత నీరు మిగులుతుందో నేనే లెక్క వేసి ఇచ్చాను. ఇన్‌ఛార్జి భూపతి సారు అర్జీ అంచున ఎర్ర సిరాతో "శభాష్" అని రాశారు.

ఆరేళ్ళుగా "క్రమం తప్పని ఇల్లు" పలక మా గుమ్మానికే వేలాడుతోంది. మా వరుసలో రోజూ ఒకే వేళ పని ఉండే జనరల్ షిఫ్టు ఇళ్ళు ఆరు. మిగతా అయిదు ఇళ్ళ ఆడవాళ్ళూ నా వేళల పట్టిక చూసి రాసుకున్నారు. షిఫ్టులు మారే ఇళ్ళలో ఇది కుదరదు. వాళ్ళు ఒక వారం తెల్లవారుజామున, ఒక వారం మధ్యాహ్నం, ఎప్పుడు వంట పెడితే అప్పుడు కోసుకుంటారు.

పలక తుడుస్తుంటే రజిత నవ్వింది. "వదినె, ఈ లెవెల్ గడియారం ఆగిపోతే నిన్ను జూసి సరిజేసుకుంటది."

"నవ్వు పిల్లా, నవ్వు. పన్నెండున్నరకి పళ్ళెం ముందుకొచ్చినప్పుడు తెలుస్తది."

రజిత మా ఆయన చెల్లెలు. ముప్పై ఒక్కేళ్ళు. బయటి గాలి దిగే గాలిబావిలో తాడు పట్టుకొని నూట ఎనభై అడుగులు ఎక్కి, పై జల్లెడలో పేరుకున్న దుమ్ము దులుపుతుంది. వారానికోసారి జల్లెడ పక్కకి జరిపి బయటికి తల పెట్టాల్సి ఉంటుంది. పైన వేడికి రెండు నిమిషాలకన్నా ఎక్కువ ఉండలేరు. ఆ రెండు నిమిషాల వల్ల, మా ఇంట్లో సూర్యుణ్ణి చూసే మనిషి ఆమె ఒక్కతే. అంత ఎత్తు ఎక్కే మనిషి కాబట్టే మూడు గరిటెలు.

మరో సంగతి. కోతకి గోడ దగ్గర నిలబడగానే మల్లెల వాసన వస్తోంది. మా లెవెల్‌లో మల్లె మొక్కే లేదు. మా అమ్మ దాచుకున్న తలనూనె సీసాలో ఆ వాసన ఉండేది కనుక గుర్తుపట్టాను. గోడకూర పూసేది కాదు. ఎక్కడిదో తెలియదు. కాసేపు నిలబడి పీల్చుకున్నాను.


9వ రోజు

నీళ్ళు: 18 లీటర్లు. కోత: 10:15కి, 620 గ్రాములు. సత్తువ నీళ్ళు: 10:30కి, 40 మిల్లీలీటర్లు. వడ్డన: మూడు, రెండు, ఒకటి.

ఆకులు చిన్నవవుతున్నాయి. అంచులు గట్టిపడ్డాయి. నీళ్ళు పెంచలేను కనుక సత్తువ నీళ్ళు పది మిల్లీలీటర్లు పెంచాను. సీసా మీద రాసి ఉన్నది ఇది: అమైనో ఆమ్లాలు, మొక్క ఎదుగుదలకు. పిల్లకి అన్నం సరిపోకపోతే ఇంకో ముద్ద పెట్టనా? అంతే.

కోళ్ళకి నీళ్ళు చాలవని కోళ్ళ గది ఎత్తేశారు. గుడ్ల కోటా ఆగిపోయింది. కూర ఉడికించిన నీళ్ళు పారబోయడం లేదు, చింతపండు పిసికి పులుసు పెడుతున్నాను. సెగ వృథా కాకుండా మూత పెట్టే ఉడికిస్తున్నాను.

మల్లెల వాసన ఎక్కువైంది. సరిగ్గా పదింటికి మొదలై పదకొండుకల్లా పోతుంది.


15వ రోజు

నీళ్ళు: 18 లీటర్లు. కోత: 10:15కి, 540 గ్రాములు. సత్తువ నీళ్ళు: 50 మిల్లీలీటర్లు. వడ్డన: మూడు, రెండు, ఒకటి.

కూర చేదుగా ఉందని రజిత అంది. ఆమె మూతి ముడిచినా నేను చింతపండు పెంచి ఊరుకున్నాను. ఆయనకి మూడు రోజులుగా మధ్యాహ్నం తలనొప్పి. గాలి ఆఫీసులో ఫ్యాన్ల రీడింగులు రాసి రాసి కళ్ళు లాగుతున్నాయంటున్నారు.

గుమ్మం దాటుతూ రజిత తట్టుకుంది. అక్కడ తట్టుకోవడానికి ఏమీ లేదు.

"ఏందే, నేల మీద నడుచుడు మర్సిపోయినవా?" అన్నారు ఆయన.

"తాడు మీదనే బాగుంటదన్నా. నేల నాకు పడ్తలేదు."

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. రాసి పెట్టుకుంటున్నాను.

పక్కింటి స్వరూప గిన్నె పట్టుకొని చింతపండు కోసం వచ్చింది. ఆమె మొగుడిది షిఫ్టులు మారే డ్యూటీ. వాళ్ళ గోడ చూస్తే నాకు చెయ్యి ఊరుకోదు: ఒక మొక్క గొరిగినట్టు, ఒక మొక్క పొదలా. "ఎప్పుడు కోస్తవమ్మా నువ్వు?" అని అడిగాను.

"ఆకలైనప్పుడక్కా!"

వాళ్ళ ఆకు మాత్రం లేతగా ఉంది. అది నాకు నచ్చలేదు. నచ్చలేదని ఎందుకు రాస్తున్నానో తెలియదు, కానీ నిజం.


19వ రోజు

నీళ్ళు: 18 లీటర్లు. కోత: 10:15కి, 500 గ్రాములు. సత్తువ నీళ్ళు: 60 మిల్లీలీటర్లు. వడ్డన లేదు. ఎవరూ తినలేదు.

పదకొండున్నరకి రజితని బొగ్గు మోసే టబ్బు బండిలో పడుకోబెట్టి తీసుకొచ్చారు. తాడు మీద ముప్పై అడుగుల ఎత్తులో ఉండగా కాళ్ళు పట్టు తప్పాయట. నడుముకి పటకా ఉంది కాబట్టి కింద పడలేదు. తాడుకి వేలాడుతూ ఉంటే దించారు. ఒంటి మీద ఒక్క గీత లేదు. ఎముకలు విరగలేదు. కానీ నిలబెడితే మోకాళ్ళు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. మునివేళ్ళ మీద లేస్తోంది, మడమ నేలకి ఆనడం లేదు.

"వదినె, నా కాళ్ళు నా మాట ఇంటలేవు," అంది. ఆమె గొంతు అంత చిన్నగా ఉండటం నేనెప్పుడూ వినలేదు.

ఆసుపత్రిలో సుత్తితో మోకాలి కింద కొట్టి చూశారు. కాలు గుర్రం తన్నినట్టు ఎగిరింది. నరాలకి ఏదో తగిలిందన్నారు. ఏం తగిలిందో తెలియదన్నారు.

ఉదయం కోసిన అయిదు వందల గ్రాముల ఆకు వండకుండా అలాగే ఉంది. పెట్టెలో పెట్టి మూత వేశాను. పారేయడానికి చేతులు రాలేదు.


21వ రోజు

నీళ్ళు: 18 లీటర్లు. కోత: 10:15కి, 480 గ్రాములు. సత్తువ నీళ్ళు: 60 మిల్లీలీటర్లు. వడ్డన: రజితకి నాలుగు గరిటెలు (బలం రావాలని, ఆసుపత్రికి పంపాను), ఆయనకి రెండు, నాకు అర.

మా వరుసలో చివరి ఇంటి కౌసల్య వచ్చింది. ఆమె మొగుడు మెట్లు దిగలేకపోతున్నాడట. ఇంకో నాలుగు ఇళ్ళలో పిల్లలు కాళ్ళు ఈడుస్తున్నారు. ఆఫీసు వాళ్ళు వచ్చి పైపులో నీళ్ళు సీసాలో పట్టుకెళ్ళారు. నీళ్ళలో ఏదో ఉందని వాళ్ళ అనుమానం.

నాకు నమ్మకం కుదరలేదు. అదే పైపు నీళ్ళు స్వరూప ఇంటికీ వస్తాయి. వాళ్ళింట్లో నలుగురూ గెంతుతున్నారు. పుస్తకం వెనక పేజీలో మా వరుస ఇరవై ఇళ్ళనీ గీసి, జబ్బు ఉన్నచోట చుక్క పెట్టాను. చుక్కలు ఆరు. ఆరూ జనరల్ షిఫ్టు ఇళ్ళు. మధ్యలో ఉన్న పద్నాలుగు షిఫ్టు ఇళ్ళలో ఒక్క చుక్క కూడా లేదు.

ఆ ఆరు ఇళ్ళకీ, మిగతా వాటికీ తేడా ఏమిటి? నీళ్ళు ఒకటే. బియ్యం ఒకటే. గుడ్లు ఎవరికీ లేవు. గోడకూర విత్తనం అందరిదీ మొక్కల గదిదే.

పట్టిక. ఆ ఆరు ఇళ్ళలో గోడకి అంటించి ఉన్నది నా పట్టిక.

పట్టిక కాగితం. కాగితం ఎవరి కాళ్ళనీ విరగ్గొట్టదు కదా.


22వ రోజు

నీళ్ళు: 18 లీటర్లు. కోత: 10:15కి. తూకం వేయలేదు.

మొక్కల గది చూసే ఫర్హానాని పిలిపించాను. నాకన్నా పదేళ్ళు చిన్నది, మొక్కల చదువు చదివింది. చిన్న గాజు సీసాలు, పసుపు కాగితం పట్టీలు తెచ్చింది. అప్పుడే కోసిన ఆకు నలిపి సీసాలో వేసి, పట్టీని బిరడాకి తగిలించి మూసింది.

"పావుగంట ఆగుదామక్కా. పసుపుగనే ఉంటే ఏం లేనట్టు."

అయిదు నిమిషాలకే పట్టీ నారింజ రంగుకి తిరిగింది. పది నిమిషాలకి ఇటుక రంగు. ఫర్హానా సీసాని దీపం దగ్గర పెట్టి చూసింది, మళ్ళీ కొత్త ఆకుతో, కొత్త పట్టీతో చేసింది. మళ్ళీ ఇటుక రంగే.

"సైనైడ్," అంది.

నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని కాదు, చెవికి ఎక్కలేదు. గోడకూరలోనా? నేను చేత్తో పెంచిన దాంట్లోనా?

"ఎవరు కలిపిన్రు?" అని అడిగాను.

"ఎవరూ కలపలే. మొక్కే జేసుకుంది."

స్టూలు లాక్కొని కూర్చొని నాకు వంటింటి భాషలో చెప్పింది. "నువ్వు సీసాల పోస్తవు గదా, అమైనో ఆమ్లాలు? అవి పిండి అనుకో. మొక్క మంచిగున్నప్పుడు ఆ పిండితోని ఒళ్ళు పెంచుకుంటది. పెరిగే హార్మోను గూడ అండ్లకెల్లే, ట్రిప్టోఫాన్ అనేదాంతోని జేసుకుంటది. ఆకు తెగితే, దెబ్బ తగిలిందని మొక్కంతా కబురు వోతది. ఆ కబురు మోసే హార్మోనుకి ఐసోల్యూసిన్ అతుక్కుంటెనే అది పనిజేస్తది. కబురు అందినంక టైరోసిన్ దీసి విషం అల్లుతది. విషానికి చక్కెర పూసి ఒక అరల దాస్తది. ఆ చక్కెర ఊడదీసేది ఇంకో అరల ఉంటది. ఎవరన్న కొరికితే రెండు కలుస్తయి."

"నేను ఆరేండ్ల సంది కోస్తున్న. మరి అప్పుడు?"

"అప్పుడు గూడ కొంచెం ఉండొచ్చు. నీళ్ళు మంచిగున్నయి, పెరుగుడు మీదనే దాని ధ్యాస. ఇప్పుడు నీళ్ళు లేవు, పెరగలేదు. నువ్వు పోసిన పిండి అంత మిగిలింది. ఏం జెయ్యాలె దాన్ని?"

30, 40, 50, 60. నా అంకెలు నా కళ్ళ ముందే ఉన్నాయి. కోసిన పావుగంటకి, దెబ్బ కబురు ఇంకా మొక్కలో తిరుగుతుండగానే, చేతికి ముడిసరుకు అందించాను.

"గుడ్లు గూడ బంద్ అయినయి గదా," అంది ఫర్హానా. "మన ఒంట్ల ఈ విషాన్ని విరగ్గొట్టేది గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు. గుడ్డుల మస్తు ఉంటయి. అవి లేకపోతే విషం నరాల మీదికి వోతది. ఎక్కువ తిన్నోళ్ళకి ఎక్కువ."

ఎక్కువ తిన్నవాళ్ళు. మూడు గరిటెలు. నిన్న నాలుగు.

ఆమెకి పెట్టి, ఆయనకి పెట్టి, మిగిలింది తిన్నందుకు నేను నిలబడి ఉన్నాను.

ఫర్హానా లేస్తూ గాలి పీల్చింది. "మల్లెల వాసన గదా? ఎప్పటిసంది?"

"పదింటికి వస్తది రోజూ. మంచిగుంటదని నిలబడత."

"అది ఇండోల్ అంటరక్కా. ట్రిప్టోఫాన్ తయారయ్యే దారిల పుట్టే వాసన. ప్రమాదమని పక్క మొక్కకి జెప్పుడు."

ఈ వాసన కోసం నేను రోజూ రెండు నిమిషాలు ముందుగా వెళ్ళి నిలబడేదాన్ని.


24వ రోజు

నీళ్ళు: 18 లీటర్లు. కోత లేదు. వండింది: గంజి, ఉప్పు.

ఒక ప్రశ్న మిగిలింది. స్వరూప కూడా సత్తువ నీళ్ళు పోస్తుంది, ఆమె మొక్కలకీ నీటికోతే, ఆమె కూడా ఆకు కోస్తుంది. ఆమె ఆకు ఎందుకు విషం కాలేదు?

ఫర్హానా దగ్గర నలభై పట్టీలు అడిగి తెచ్చుకున్నాను. నిన్నా ఇవాళా రెండు గోడల నుంచీ వేళ మార్చి మార్చి ఒక్కో ఆకు తీసి సీసాలో వేశాను. నా గోడ:

7:00 – పసుపు.
8:00 – పసుపు.
9:00 – కొంచెం నారింజ.
10:00 – ఇటుక రంగు.
10:15 – ఇటుక రంగు, అన్నిటికన్నా ముదురు.
11:00 – నారింజ.
1:00 – పసుపు.
4:00 – పసుపు.

రెండు రోజులూ అంతే. స్వరూప గోడ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పసుపే. ఒక్కసారి లేత నారింజకి వచ్చి, అక్కడితో ఆగింది.

పొద్దున ఏడింటికి నా గోడకూర తినదగిన కూర. ఒంటిగంటకీ కూరే. పది పదిహేనుకి అటూ ఇటూ మాత్రమే విషం. ఇరవై నాలుగు గంటల్లో నేను ఎంచుకున్న ఆ ఒక్క వేళకే.


25వ రోజు

ఇవాళ నేను గోడ దగ్గరికి వెళ్ళలేదు. ఉదయం తొమ్మిది నుంచి స్వరూప ఇంట్లో, తలుపు వేసుకొని కూర్చున్నాను. నా అడుగులు గానీ నా చెయ్యి గానీ మొక్కలకి తెలిసే వీలు లేదు. పది పదిహేనుకి స్వరూప మా ఇంటికి వెళ్ళి, వెనక వరుసలో మూల మొక్క నుంచి ఒకే ఒక్క ఆకు తెచ్చింది.

"అక్కా, మీ ఇంట్ల మల్లెల వాసన గుప్పున కొడ్తున్నది," అంది సీసా ఇస్తూ.

పావుగంట చూశాం. ఇటుక రంగు.

నేను రాలేదు. అయినా నేను వచ్చే వేళకి తయారై ఉన్నాయి.

సీసా పట్టుకొని మొక్కల గదికి పరుగెత్తాను. నలభై ఏడేళ్ళ దాన్ని, ఈ లెవెల్‌లో పరుగెత్తిన గుర్తు లేదు. ఫర్హానా పట్టీ చూసి, పుస్తకం చూసి, నెమ్మదిగా చెప్పింది.

"మొక్కలకి లోపల గడియారం ఉంటదక్కా. ఆకు తినే పురుగు రోజూ ఒకటే వేళకి వస్తదనుకో, ఆ వేళకి ముందే మందు సిద్ధం జేస్కుంటయి. రోజంత విషం మోసుడంటే వాటికి గూడ బరువే గదా. ఎప్పుడొస్తదో తెల్వని పురుగు మీద ఎంతని ఖర్చు పెడ్తయి? స్వరూప ఒకనాడు పొద్దుగాల, ఒకనాడు పొద్దూకి కోస్తది. దాని లెక్క వాటికి అందలే."

"మా ఇంట్ల పురుగు లేదు ఫర్హానా. ఒక్క పురుగు లేదు. రోజూ ఆకు తిప్పి చూస్త నేను."

ఆమె నా చేతిలో ఉన్న పుస్తకం వైపు చూసింది. ఆరేళ్ళ పేజీలు. పది పదిహేను, పది పదిహేను, పది పదిహేను.


26వ రోజు

రజితకి చెప్పాను. ఆసుపత్రి మంచం పక్కన స్టూలు మీద కూర్చొని, పుస్తకం తెరిచి, మొదటి రోజు నుంచి చదివాను. మధ్యలో ఆపలేదు. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు.

విన్నది. పైకప్పు వైపు చూస్తూనే అడిగింది. "అంటే, నువ్వు పదింటికి పోకుండ ఒంటిగంటకి పోయినా..."

"అవును."

"ఒకనాడు గిట్ల, ఒకనాడు గట్ల కోసినా..."

"అవును."

"నేను ఎన్నిసార్లన్న వదినె నిన్ను? గడియారమని?"

పుస్తకం మూసేశాను. ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది. అటువైపు నుంచే అడిగింది.

"మళ్ళ ఎక్కుతనా?"

డాక్టరు నాకు చెప్పింది ఇది: విషం ఆగింది కనుక ఇకపై ముదరదు, కానీ పోయిన నరం ఎంత తిరిగొస్తుందో ఎవరూ చెప్పలేరు. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. రాలేదు.

"తెలువదు పిల్లా. నడుస్తవంటున్నరు. ఎక్కుడు సంగతి తెలువదు."

"ఇగ పో వదినె. జరసేపు పో."

వచ్చేశాను. ఇంట్లో ఆయనకి చెప్తే, తలుపు పట్టుకొని నిలబడి, "ఆ అర్జీ?" అన్నారు.

అర్జీ. నలభయ్యో రోజు. 212 ఇళ్ళు, ఒకే వేళ.

ఇన్ని రోజుల్లో అది నాకు తట్టనే లేదు.


33వ రోజు

భూపతి సారుని కలవడానికి వారం పట్టింది. నీళ్ళ పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగమన్నారు. వచ్చింది. నీళ్ళలో ఏమీ లేదు. ఇవాళ పదింటికి హాజరు గదిలో సభ పెట్టారు. లెవెల్‌లో సగం మంది వచ్చారు.

"సుగుణమ్మా, అర్జీ పెట్టింది నువ్వే. ఇప్పుడు వద్దంటున్నది నువ్వే. పంపు లెక్కలన్ని మార్చినం. ఏమనుకోవాలె మేము?"

"తప్పు లెక్క అనుకోండి సారూ. నీళ్ళ లెక్క సరైనదే. మొక్కల లెక్క నాకు తెల్వలే."

ఎవరో వెనక నవ్వారు. "మొక్కలు టైం జూసుకుంటయట!"

మా గోడ నుంచి ఒక తొట్టె, స్వరూప గోడ నుంచి ఒక తొట్టె ముందే తెప్పించి బల్ల మీద పెట్టాను. గోడ గడియారం పది పది చూపిస్తోంది. తలలో మల్లెలు ఎవరు పెట్టుకొచ్చారోనని ముందు వరుస ఆడవాళ్ళు చుట్టూ చూడసాగారు. వాళ్ళని అడ్డుకోకుండా చూడనిచ్చాను. పది పదిహేనుకి భూపతి సారునే పిలిచి, రెండు తొట్టెల్లోనూ ఆయన చేత్తోనే ఆకు తెంపించి, రెండు సీసాల్లో వేయించాను. బిరడాలు బిగించి, "పావుగంట కూసోండి," అన్నాను.

పావుగంట అంత పొడుగని నాకు తెలియదు. ఎనిమిది నిమిషాలకి నవ్వు ఆగింది. పది పాతికకి నా సీసాలో పట్టీ ఇటుక రంగులో వేలాడుతోంది. స్వరూపది పసుపుగానే ఉంది. భూపతి సారు ఆకు తెంపిన వేళ్ళని చొక్కాకి తుడుచుకున్నారు, మళ్ళీ తుడుచుకున్నారు.

"రోజూ తింటున్నది ఇదేనా?" అన్నారు.

"ఆరు ఇండ్లల్ల సారూ. నలభయ్యో రోజు తర్వాత అందరిండ్లల్ల."

కౌసల్య లేచింది. నా వైపు వేలు చూపించింది. "నీ పట్టిక జూసే గదనే నేను కోసిన! నీ లెక్క ఉండాలె, నీ లెక్క ఉండాలె అని మా అత్త రోజూ నన్ను దెప్పె. ఆ పలక దీస్కపోయి పొయ్యిల పెట్టుపో!"

పలక సంచీలోనే ఉంది. తీసి భూపతి సారు బల్ల మీద పెట్టాను. ఆమె అన్నదాంట్లో ఒక్క మాట కూడా ఎక్కువ లేదు.

ఉత్తర్వు కొట్టేశారు. ఇకపై ఏ ఇల్లూ వరసగా రెండు రోజులు ఒకే వేళకి కోయకూడదు. నీటికోత ముగిసేదాకా సత్తువ నీళ్ళు బంద్. విషం నీళ్ళతో, ఆవిరితో పోవాలంటే ఉడికించిన నీళ్ళు పారబోయాలి, మూత తీసి ఉడికించాలి. గుడ్లకి బదులు ఎండు చేపలు, ముందు ఆ ఆరు ఇళ్ళకి.


41వ రోజు

నీళ్ళు: 20 లీటర్లు. కోత: 330 గ్రాములు. పట్టీ: పసుపు. వడ్డన: ముగ్గురికీ ఒక్కో గరిటె.

రజిత ఇంటికి వచ్చింది. రెండు కర్రల మీద గుమ్మం దాకా నడిచి, పలక ఊడిన చోట గోడ మీద తెల్లటి మచ్చ చూసింది. కర్రలు పక్కన పెట్టి కూర్చుంది.

కోతకి వేళ ఎలా ఎంచుకోవాలో నాకు చేతకావడం లేదు. నాలుగు రోజులు ఇష్టం వచ్చినప్పుడు కోశాననుకున్నాను. పుస్తకం చూస్తే 8:30, 11:30, 2:30, 5:30. మూడేసి గంటలు పెంచుకుంటూ పోయాను. ఆ మాట రజితకి చెప్పాను.

ఆమె నన్ను చూసింది. పదిహేను రోజుల తరవాత మొదటిసారి నవ్వింది. "నీకు సాతకాదు వదినె. నీతోని కాదు అది. నా డబ్బాల గవ్వలున్నయి, ఇటు తే."

ఆరు గవ్వలు. నేల మీద విసిరి లెక్క పెట్టింది. "రెండు బోర్ల వడ్డయి. రేపు రెండింటికి కొయ్యి. మళ్ళ ఎల్లుండి సంగతి ఎల్లుండి."


52వ రోజు

నీళ్ళు: 22 లీటర్లు. కోత: 410 గ్రాములు, గవ్వలు చెప్పినప్పుడు. పట్టీ: పసుపు.

పదింటికి మల్లెల వాసన ఇంకా వస్తోంది. తక్కువగా, తలుపు అవతలి నుంచి వచ్చినట్టు. నెల రోజులుగా ఆ వేళకి కోత లేదు. అయినా ఎదురుచూస్తున్నాయి.

రజిత ఒక కర్ర వదిలేసింది. గాలిబావి కింద కూర్చొని, కొత్తగా ఎక్కుతున్న అమ్మాయికి ఎక్కడ కాలు పెట్టాలో అరిచి చెప్తోంది. ఆ అమ్మాయి దిగివచ్చాక రజిత మొదట అడిగేది ఒకటే, పైన ఎండ ఎట్లుంది అని.

డాక్టరు మళ్ళీ సుత్తితో కొట్టి చూశారు. కాలు ఇంకా ఎగురుతోంది. తాడు పని ఆమె పేరు నుంచి తీసేశారు.


67వ రోజు

నీళ్ళు: 26 లీటర్లు. కోత: ఇంకా లేదు. ఇవాళ గవ్వలు అయిదు అన్నాయి.

పదింటికి వాసన రాలేదు. పది పదికీ రాలేదు. పది పదిహేనుకి ఒక ఆకు తీసి సీసాలో వేసి, పావుగంట చూశాను. పట్టీ పసుపు. పేరుకి కూడా నారింజ లేదు.

మొక్కలు మరిచిపోయాయి.

"వదినె," అంది రజిత మంచం మీద నుంచి. "ఇయ్యాల అయిదింటికి గదా కోత. ఆ గిన్నె ఎందుకు?"

చూసుకున్నాను. కోత గిన్నె నా చేతిలో ఉంది. ఎప్పుడు తీశానో తెలియదు.